పాదం గీసిన కాగితం

ఇటలీలో గార్లాస్కో ఊరు దాటి రెండు మైళ్లు నడిచానో లేదో, నా వెనకాల ఒక పెద్ద బస్సు కీచుమని ఆగింది. ఆదివారాలు ఆ దారిలో పల్లె బస్సులు తిరగవు. ఆ సంగతి, పాత ఓడ స్నేహితుడి ఇంట్లో రాత్రి పడుకుని, పొద్దున్నే లేచి స్టాపులో గంటసేపు నిలబడ్డాక గానీ నాకు గుర్తు రాలేదు. సరే, కాళ్లు ఇంకా నా మాట వింటున్నాయి కదా, విజేవానో దాకా నడిచి అక్కడ రైలు ఎక్కుదాం అనుకున్నాను. సెప్టెంబరు ఆఖరు. రోడ్డుకి రెండు పక్కలా వరి పండి వంగి ఉంది.

బస్సు తలుపు తెరుచుకుంది. ముందు ఒక గొడుగు దిగింది, కొసన ఎర్ర రుమాలు కట్టి ఉంది. దాని వెనక నలభైమంది ఆడవాళ్లు దిగారు. దిగడం దిగడమే సెల్‌ఫోన్లు పైకెత్తి, వరిచేను వైపు వీపులు పెట్టి నిలబడ్డారు. ఒకామె కంకుల్ని బుగ్గకి ఆనించుకుంది. ఇంకొకామె దొరకని కొంగని పిలుస్తోంది. డ్రైవరు గౌదెంజియో దిగి టైరు పక్కన సిగరెట్టు ముట్టించి నాతో అన్నాడు:

"ఇరవై ఏళ్ల నుంచి తోలుతున్నాను. జర్మన్లు మఠం దగ్గర ఆపమంటారు. జపాన్ వాళ్లు కోట దగ్గర ఆపమంటారు. వడ్లు చూడ్డానికి ఆపమన్నవాళ్లని ఇవాళే చూడ్డం."

"చేలో దిగకండే! గట్టు మీదే, గట్టు మీదే!" గొడుగు అరిచింది. "గింజ రాలిందంటే ఆసామి వచ్చి మిమ్మల్నే నూరుస్తాడు!"

ఆ గొంతు నాకు తెలుసు. గొడుగు ఇటు తిరిగింది. దాని కింద మనిషి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అన్నా! నువ్వు చచ్చిపోలేదూ?"

"లేదనే అనుకుంటున్నాను."

"పోయావని జెనోవా నుంచి కబురొచ్చిందే! నీ పేరున తొమ్మిది రోజులు జపం చదివాం. తొమ్మిదో రోజు నూడుల్స్ వండి అందరికీ పెట్టాం. ఆ రోజు రొయ్యలు ఎంత బాగున్నాయో!"

"ఇంకెవరో పోయుంటారు."

"పోనీలే, ఆ జపం దాచుకో. ఎప్పటికైనా పనికొస్తుంది. ఎక్కు బస్సు."

గొడుగు కింది ఆ మనిషి పేరు ఎపిఫానియా మగ్బో, ఊరంతా పానింగ్ అంటుంది. ఊరంటే ఫిలిప్పీన్స్‌లో బతాంగస్ తీరాన మబీని. ఆ ఊళ్లో సగం మంది మిలాన్‌లోనే ఉంటారు కనక ఊరు ఎక్కడుందంటే చెప్పడం కష్టం. వాళ్ల అన్న సెలోనూ నేనూ పదకొండేళ్లు ఒకే ఓడ వంటగదిలో ఉల్లిపాయలు తరిగాం. వాళ్ల భాష నేను అక్కడే, ఆ పొగలోనే నేర్చుకున్నాను. ఆ ప్రాంతపు వాళ్లు ప్రతి మాటకీ ముందు "అలా, ఏ!" అంటారు. దానికి అర్థం లేదు, బలం ఉంది. నాకేమో మొదటి ఏడాదంతా వాళ్లు నేను చెప్పినదానికల్లా "అలాగే" అంటున్నారని వినిపించేది. ఎంత మంచివాళ్లో అనుకునేవాణ్ని. ఒక్క పనీ జరిగేది కాదు.

పానింగ్ మిలాన్ వచ్చి ఇరవై నాలుగేళ్లయింది. మొదట పిల్లల్ని పెంచింది, ఇప్పుడు పదవి దిగిన ఒక జడ్జమ్మనీ ఆమె రెండు కుక్కల్నీ చూసుకుంటోంది. గురువారం మధ్యాహ్నం, ఆదివారం పూర్తిగా సెలవు. వచ్చిన కొత్తలో ఆదివారమంతా పార్కు బెంచీ మీద కూర్చుని ఏడ్చేవాళ్లని చూసి, ఏడ్చేదేదో చెరువు దగ్గర ఏడుద్దురుగాని రండి అని ఆరుగురిని వేన్‌లో కోమో సరస్సుకి తీసుకెళ్లింది. సరస్సు చూశాక ఎవరూ ఏడవలేదట, చాక్లెట్లు కొన్నారట. అదీ మొదలు. ఇప్పుడు నెలకో బస్సు. ముందు గుడి, తర్వాత బాత్రూము, తర్వాత అంగళ్లు. ఈ వరస ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

పూర్వం దేశాలు తిరిగినవాళ్ల రాతలు నేను చాలానే చదివాను. కోట గోడ ఎంత ఎత్తో, రాజు ఎన్ని ఏనుగులు కట్టాడో రాస్తారు. తిరిగి ఇంటికి పోతూ ఎవరికి ఏం కొన్నాడో ఒక్కడూ రాయడు. గుమ్మంలో ఎదురొచ్చిన పిల్ల చేతిలో ఏం పెట్టాడో చెప్పనివాడు ఆ కోట నిజంగా చూశాడని నేనెందుకు నమ్మాలి? ఎదురొచ్చినవాళ్లకి ఇచ్చే వస్తువుకి ఈ జనానికి ఒక మాటే ఉంది, పసలూబోంగ్ అని. అది లేకుండా ఊళ్లో దిగడమంటే చొక్కా లేకుండా దిగడమే. పానింగ్‌కి ఊళ్లో అందరి కొలతలూ నోటికొచ్చు. వేలాడే లాగుని దూరం నుంచి చూసి, ఇది మా పిన్ని రెండో అల్లుడికి పడుతుంది, బొజ్జ తగ్గితే, అంటుంది.

ఒక్కటి తప్ప. మగవాళ్లకి బూట్లు కొనదు.

అదంతా బస్సు ఎక్కిన పావుగంటలో తేలింది. నన్ను ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, కాళ్ల దగ్గరున్న మట్టికుండ మూత తీసి, పుల్లగా ఉడికించిన తులింగన్ చేపా అన్నమూ కాగితం పళ్లెంలో పెట్టారు. వాసనకి గౌదెంజియో తన కిటికీ దించుకున్నాడు. వెనక సీట్లోంచి బెబాంగ్ లేచింది. నలభై దాటిన మనిషి, గొంతు చూస్తే పదహారు. ఓ గేదె పిల్లలా అందరి మీదా పడుతూ ముందుకొచ్చి పానింగ్ చేతిసంచిలోంచి ఒక మడతపెట్టిన కాగితం లాగేసింది.

"ఇయ్యవే! ఒసేయ్ బెబాంగ్, బస్సులోంచి దింపేస్తా!"

"దింపు, వడ్లలో పడతా. అందరూ చూడండర్రా! ఇది పాదమా, అరటాకా?"

కాగితం బస్సంతా తిరిగి నా ఒళ్లోకొచ్చింది. పెన్సిలుతో గీసిన కుడి పాదం. అంత వెడల్పు పాదం నేను ఓడల్లో కూడా చూడలేదు. వేళ్లు దేనికది విడిపోయి విసనకర్రలా ఉన్నాయి. ఊళ్లోవాళ్లు చెప్పులు కావాలంటే ఇలా పాదం గీసి పంపడం మామూలే. దీని కింద మాత్రం ఒక పేరు ఉంది: తెయోదూలో. మడమ మీద అయిదు పెసోల బిళ్ల ఒకటి టేపుతో అంటించి ఉంది.

"దూలో ఎవరమ్మా?" అన్నాను.

"ఊ...య్!" అని బస్సు మొత్తం ఒకే గొంతుతో ఆటపట్టిస్తూ కూసింది.

"పడవవాడు," పానింగ్ కిటికీలోకి చూస్తూ అంది. "అనిలావ్ రేవు నుంచి మా అక్క ఉండే దీవికి జనాన్ని తీసుకెళ్తాడు. అంతే."

"అంతేనా అక్కా? పోయినసారి సెలవుకెళ్లినప్పుడు నీ చెప్పులు చేత్తో పట్టుకుని మొలలోతు నీళ్లలో నీ ముందు నడిచింది ఎవరంటా?"

"చెప్పులు తడుస్తాయని."

"వాళ్లావిడ పోయి ఎనిమిదేళ్లయింది. ఎనిమిదేళ్లలో ఎంతమంది చెప్పులు తడవలేదూ?"

మళ్లీ ఊయ్. పానింగ్ కూడా నవ్వింది, పళ్లు కనబడకుండా.

నవ్వులో నవ్వుగా కథ నా చెవిన పడేశారు. పానింగ్ మిలాన్ వచ్చిన మొదటి ఏడాది, తనకి నిశ్చయమైన కుర్రాడికి నల్లటి ఇటలీ బూట్లు కొని పంపింది. వాడు ఆ బూట్లే వేసుకుని ఇంకో పిల్లని పెళ్లాడాడు. ఫొటోలో బూట్లు మిలమిలా మెరుస్తున్నాయట. బూట్లు ఊరికే కానుకిస్తే పుచ్చుకున్నవాడు వాటితోనే నడిచి వెళ్లిపోతాడని ఈ జనం నమ్మకం. పానింగ్‌కి ఆనాడు అది తెలుసు, ఇటలీలో చెల్లదేమో అనుకుంది. అప్పటినుంచి ఆ ఊరి మగవాళ్ల పాదాల కాగితాలన్నీ బెబాంగ్‌కే వెళ్తాయి. ఇది ఊరందరికీ తెలుసు. దూలోకీ తెలుసు. పైగా దూలో పుట్టి బుద్ధెరిగి బూటు తొడగలేదు, గుడికీ రబ్బరు చెప్పులే. అలాంటివాడు, చుట్టం కానివాడు, పానింగ్‌కే కాగితం పంపాడంటే బూట్లు అడగడం లేదు. ఒక మాట అడుగుతున్నాడు.

మాట ఇవాళే చెప్పాలి. డిసెంబరు పండక్కి అందాలంటే ఓడ మీద ఊరికి వెళ్లే కానుకల అట్టపెట్టె ఈ వారమే కదలాలి. పానింగ్ పెట్టె తీసుకెళ్లడానికి రేపు పొద్దున్న మనిషి వస్తాడు.

"పెట్టెలో ఒక మూల ఖాళీ ఉంచింది అన్నా!" బెబాంగ్ నాకు ఫిర్యాదు చేసింది. "సబ్బులు కుక్కుతానంటే చెయ్యి విరిచినంత పని చేసింది."

"అది తువ్వాళ్లకి."

"తువ్వాళ్లకి సరిగ్గా బూట్ల డబ్బా అంత చోటేంటి?"

"అయినా బిళ్ల అంటించడం మంచి పని చేశాడులే," అని బెబాంగే మళ్లీ అంది. "కొలత తప్పదు. మా తమ్ముడికి గుర్తుందా? ఫోన్లో ఫొటో పంపాడు. నేను షాపులో అచ్చు తీయించి కొన్నాను. వాడి ఒకటో క్లాసు కొడుక్కి సరిపోయాయి. అప్పటినుంచే కదా పక్కన బిళ్ల పెట్టి తీయమంటున్నాం."

డ్రైవరు వెనక సీట్లో కునుకు తీస్తున్న పూరింగత్త కళ్లు తెరిచింది. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. బస్సులో ఆవిడ మాట్లాడితే మిగతావాళ్లు ఆగుతారు.

"బుర్ర ఉందా బెబాంగ్ నీకు? ఫొటోకి బిళ్ల కావాలి, ఎంత పాదమో తెలీదు గనక. కాగితం మీద కాలు పెట్టి గీసినదానికి బిళ్ల ఎందుకే? పాదం పాదమంతే ఉందిగా!"

బెబాంగ్ నా ఒళ్లోని కాగితం మీదికి వంగింది.

"అది కొలతకి కాదు," పూరింగత్త చెప్పింది. "వెల. బూట్లు ఊరికే పుచ్చుకుంటే నడిచిపోతాం. బిళ్ల ఇచ్చి కొనుక్కుంటే పోం. వాడు ముందే కొనుక్కున్నాడు."

ఈసారి ఎవరూ ఊయ్ అనలేదు. నేను పానింగ్ వైపు చూశాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఆమెకి మొదటి రోజే అర్థమై ఉంటుంది.

"నేనేమో రిక్షా కిరాయి అనుకున్నా," అంది. అప్పుడు నవ్వారు.

విజేవానో చౌకులో గొడుగు ఎగిరింది. గుడి అయింది, బాత్రూము అయింది. చుట్టూ వసారాల కింద పూర్వం నుంచీ బూట్ల అంగళ్లే. ఊరంతా తోలు వాసన. పానింగ్ నాతో, ఎవరూ వినకుండా, అంది:

"ఇక్కడ నాకేం తక్కువ అన్నా? నా గది, నా జీతం, నా ఆదివారం. ఈ వయసులో ఒకడికి అన్నం వడ్డించి, వాడు ఎప్పుడు తింటాడా అని కూర్చోవాలా?"

"కూర్చోకు."

"కూర్చోవాలనిపిస్తేనో?"

ముప్ఫై ఏళ్లు ఓడలోవాళ్లకి వడ్డించినవాణ్ని, నాకే ఎప్పుడూ తేలలేదు.

మొదటి అంగట్లో కాగితం మీద పెద్ద బూటు పెట్టి చూశారు. దూలో పాదం రెండు పక్కలా బయటికి పొంగింది. రెండో అంగట్లోనూ అంతే. మూడో అంగట్లో అమ్మకం పిల్ల కాగితం చూసి పక్కకి తిరిగి నవ్వింది. బెబాంగ్ దానికి తెలుగులో అయితే నేను రాయలేని మాట ఒకటి మబీని భాషలో అని, చిరునవ్వుతో థాంక్యూ చెప్పి వచ్చింది. ఈలోగా వెంట ఉన్న పదిమందీ తమ తమ కాగితాలకి తలా ఒక జత కొనేసి సంచులు ఊపుకుంటూ నడుస్తున్నారు. పానింగ్ చేతిలో మాత్రం గొడుగూ ఆ కాగితమూనే.

నాలుగోది అంగడి కాదు, వెనక సందులో పనిగది. సీరో అనే ముసలాయన బల్ల ముందు కూర్చుని రొట్టె తింటున్నాడు. ఆదివారం మూసేశాం అన్నాడు గానీ కాగితం చూసి రొట్టె పక్కన పెట్టాడు. నవ్వలేదు. చేతులు తుడుచుకుని, గీత చుట్టూ బొటనవేలు మెల్లగా నడిపించాడు.

"ఈయన బూట్లు వేసుకోడు."

"ఎప్పుడూ వేసుకోలేదు," పానింగ్ ఇటాలియన్‌లో చెప్పింది.

"కదిలేదాని మీద నిలబడతాడు. వేళ్లతో పట్టుకుంటాడు, చూశారా, ఇలా."

"పడవ."

"ఆ. గీసేటప్పుడు పక్కన ఎవరూ లేరు."

"మీకెలా తెలుసు?"

"మడమ దగ్గర గీత వణికింది, రెండుచోట్ల తెగింది. ఇంకొకరు గీస్తే అలా అవదు. నిలబడి తన పాదం తనే గీసుకుంటే, వంగి వెనక్కి చెయ్యి పెట్టాలి, అందదు. మూడుసార్లు తుడిచి గీశాడు."

పానింగ్ కాగితం వెలుతురులోకి పట్టుకుంది. అప్పటికి ఎన్నిసార్లు చూసిందో, ఆ రబ్బరు మరకలు చూడలేదనుకుంటాను.

"ఇది ఎక్కడా దొరకదు," సీరో అన్నాడు. "కొయ్య అచ్చు చెక్కి కుట్టాలి. నవంబరు ఆఖరుకి ఇస్తాను."

"పెట్టె రేపు పొద్దున్న వెళ్లిపోతుంది."

"పెట్టె సంగతి నాకు తెలీదమ్మా. పాదం సంగతి చెప్పాను."

బెబాంగ్ గుమ్మంలోంచి తల పెట్టింది. బయట సందులో మిగతావాళ్ల సందడి ఇంకా ఆగకపోయినా, ఆ మాట మాత్రం మెత్తగానే అంది: "అక్కా, ఓ జత రబ్బరు చెప్పులు కొని పెట్టెలో పడెయ్. వాడు వేసుకునేవే కదా. పంపావంటే పంపినట్టే, లేదంటే లేనట్టే. ఎవరూ ఏమీ అనరు."

అదీ మంచి దారే. మర్యాద దక్కుతుంది, మాట దాటుతుంది, ఎవరి ఆదివారం వాళ్లకి ఉంటుంది. ఇరవై నాలుగేళ్లలో పానింగ్ ఇలాంటి చిక్కులు ఎందరికో అలాగే విప్పింది.

"నువ్వు పోయి తలకాయలు లెక్కపెట్టవే. పూరింగత్త ఎండలో ఉందేమో," అని బెబాంగ్‌ని పంపేసింది. తలుపు దగ్గరగా వేసి నా వైపు తిరిగింది.

"మా సెలో అన్న ఉంటే ఏమనేవాడు?"

"ఉల్లిపాయలు మాడుతున్నాయి, తొందరగా తేల్చు అనేవాడు."

ఆమె పడీ పడీ నవ్వింది. కళ్లు తుడుచుకుంది, అది నవ్వుకేనేమో. తర్వాత గోటితో టేపు అంచు లేపి, బిళ్ల ఊడదీసి, చేతిసంచిలో లోపలి జిప్పు తెరిచి అందులో వేసి జిప్పు లాగింది. పాదం ఉన్న కాగితాన్ని సీరో బల్ల మీద పెట్టింది.

"ఏ రంగు?"

"గోధుమరంగు. నల్లవి వద్దు."

"ఎవరి పేరున రాసుకోను?"

"మగ్బో. నా పేరే రాయండి. నేనే వస్తాను తీసుకోవడానికి."

"ఎడమ పాదం?"

"కుడిదానికి తోడు చెయ్యండి. తేడా ఉంటే వేసి చూసి మీకు చెప్తాను." వెంటనే దిద్దుకుంది. "అంటే, వేయించి చూసి."

సీరో తలూపి రొట్టె అందుకున్నాడు.

మేం చౌకులోకి వచ్చేసరికి నలభైమందీ ఐస్‌క్రీములతో మెట్ల మీద కూర్చుని ఉన్నారు. బెబాంగ్ లేచింది, పూరింగత్త మెడ చాచింది. అందరి చూపులూ పానింగ్ చేతుల మీదే. చేతుల్లో ఏమీ లేదు, గొడుగు తప్ప. సంచి లేదు, డబ్బా లేదు. ఆఖరికి ఆ కాగితం కూడా లేదు. నాకే తెలుసు గనక నేను వాళ్ల ముఖాలు చూస్తూ నిలబడ్డాను. ఒక్కొక్కరే ఐస్‌క్రీము వైపు తలలు దించుకున్నారు. ఎవరో "పోనీలే" అన్నారు.

"దొరకలేదా అక్కా?" బెబాంగ్ అడిగింది. ఆటపట్టించే గొంతు ఎక్కడ పోయిందో.

"దొరకలేదు."

"మరి ఆ మూలలో..."

"సబ్బులు పెట్టుకో. ఎన్ని పడితే అన్ని."

బెబాంగ్ ముఖం ఇంకా దిగిపోయింది. పూరింగత్త మాత్రం పానింగ్‌నే చూస్తోంది.

"కుట్టడానికి ఇచ్చావా?"

"ఇచ్చాను."

"పెట్టె రేపు వెళ్లిపోతుందే. మరి ఎలా పంపుతావు?"

"పంపను. డిసెంబరుకి సెలవు అడుగుతా. నేనే పట్టుకెళ్తా."

అలా, ఏ! అని మొదట ఎవరు అరిచారో తెలీదు. తర్వాత చౌకులో పావురాలన్నీ లేచాయి. కాఫీ తాగుతున్న విజేవానో పెద్దమనుషులు కుర్చీల్లోంచి తిరిగి చూశారు. బెబాంగ్ ఐస్‌క్రీము నా చొక్కా మీద పడింది, సారీ చెప్పకుండా నన్నే కావలించుకుంది. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ఫొటో తీస్తున్నారు, జడ్జమ్మ కుక్కల్ని డిసెంబరులో ఎవరు చూస్తారని ఇద్దరు అప్పుడే పోట్లాడుకుంటున్నారు.

నా రైలుకి టైమవుతోంది. చొక్కా తుడుచుకుంటూ, వీళ్లు తేరుకున్నాక వెళ్లొస్తానని చెబుదామని నిలబడ్డాను. పానింగ్ ఈ గోల మధ్యే గొడుగు విప్పింది, ఎర్ర రుమాలు సరిచేసింది, బస్సున్న వైపుకి కాక కోట బురుజు వైపుకి తిరిగింది.

"బురుజు ఎక్కాలి, అయిదింటికి మూసేస్తారు. లేవండే, లేవండి!"

నేను చెయ్యెత్తాను. ఆమె అప్పటికే చౌకు సగం దాటింది. వెనక నలభై జతల చెప్పులు రాళ్ల మీద టపటపలాడుతూ పరిగెత్తాయి.